పెనుకొండలో రెండు రూపాయల ఇల్లు

అమావాస్యకు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఆ లోపల ధర్మవరంలోని మగ్గమిల్లు ఖాళీ చెయ్యాలి, లేదంటే పదకొండు రూపాయల బాడుగను ఇరవై చేసి కట్టాలి. ఇంటి యజమానురాలు అనసూయమ్మ వాకిట్లో నిలబడి ఈ మాట చెప్పి పోయింది. ఆమె చెడ్డమనిషి కాదు. మొగుడు పోయాక ఆ బాడుగ తప్ప ఆమెకూ వేరే ఆధారం లేదు. వానల్లేక పల్లెలకు పల్లెలే ఊళ్ళోకి దిగుతున్న ఆ అరవై ఆరో సంవత్సరం ఎండాకాలంలో, గొడ్లపాక చూపించినా పదిహేను రూపాయలిస్తామనేవాళ్ళు వీధిలో కాచుకునున్నారు. నీళ్ళు కడవ లెక్కన కొనాలి. బియ్యం సంగతి అటుంచి, రాగులే పండగ సరుకై కూర్చున్నాయి.

ఈశ్వరప్ప మూడు వారాలుగా పెండ్లాంతో ఒకటే మాట అంటున్నాడు: పెనుకొండకు పోదాం. ఆడ బాడుగ రెండు రూపాయలు. షావుకారు శేషగిరి శెట్టి పట్టు రైల్లో పంపిస్తానన్నాడు, నేసిన చీర రైల్లో తెచ్చిస్తే సరిపోతుంది. అక్కమ్మ ఔననలేదు, కాదనలేదు. "నేను పోయి నా కండ్లతో చూసొస్తా. అంతవరకూ మగ్గం మీద చెయ్యి పెట్టొద్దు" అని మొగుడితో మాట తీసుకుంది. మూడేళ్ళ చిన్నదాన్ని పెద్దకూతురు జయమ్మకు అప్పగించి, పొద్దున ప్యాసింజరెక్కింది.

పెనుకొండ స్టేషన్లో దిగాక జట్కా మాట్లాడకుండా నడిచింది. ఇంటి తాళం నరసక్క దగ్గరుందని ఈశ్వరప్ప చెప్పి పంపాడు. నరసక్క కొత్తమనిషి కాదు. ఏడాది కిందటి దాకా ధర్మవరంలో వీళ్ళకు రెండిళ్ళవతల ఉండేది. ఆమె మొగుడు వెంకటేశులు కూడా శేషగిరి శెట్టికే నేసేవాడు. బాడుగలు తాళలేక ముందుగా ఊరు విడిచింది వాళ్ళే.

నరసక్క తాళం తీసి తలుపు తోసింది. అక్కమ్మ లోపలికి అడుగు పెట్టి అట్లాగే నిలబడిపోయింది.

రెండు గదులు. మధ్యలో ఎనిమిది గజాల పడుగు సాగదీసినా ఇంకా చోటు మిగిలేంత పొడుగు సాల. పైన రాతికప్పు, కింద బండలు. వెనక తలుపు తీస్తే బాయి. బాయిలో నీళ్ళు! చేంతాడు వేసి ఒక బొక్కెన తోడుకుంది. దోసిట్లో పట్టి తాగింది, మొహం కడుక్కుంది, కాళ్ళ మీద పోసుకుంది. నెల రోజులుగా ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోసుకుని ఎరగదు. చెంబెడు నీళ్ళతో నలుగురూ మొహాలు కడుక్కునే ఇల్లు వాళ్ళది. ఇంకో బొక్కెన తోడి, ఎవరైనా అరుస్తారేమోనని చుట్టూ చూసి, దాన్ని కూడా కాళ్ళ మీదే పోసుకుంది.

"ఎన్ని తోడుకున్నా అడిగేవాళ్ళు లేరు వదినా" అంది నరసక్క.

"చిన్నదానికి దినామూ నీళ్ళు పోయొచ్చు" అంది అక్కమ్మ. చాలా రోజుల తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. "బాడుగ నిజంగా రెండే రూపాయలా?"

"రెండే. ఈడ అన్నీ చవకే. కట్టెలు చవక, నీళ్ళు ఊరికే. మన కష్టం అన్నిటికంటే చవక."

ఆ చివరి మాట అన్న తీరు అక్కమ్మకు నచ్చలేదు. అప్పుడు నరసక్కను పరీక్షగా చూసింది. ధర్మవరంలో ఉన్నప్పుడు నిండుగా ఉండే మనిషి. ఇప్పుడు గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"మీ ఇంట్లో మగ్గం చప్పుడు వినపడలేదేమే?"

నరసక్క ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే ఉన్న తన ఇంట్లోకి తీసుకుపోయింది. నేసేటప్పుడు కాళ్ళు దించే మగ్గం గుంత మీద రెండు బండలు పరిచి ఉన్నాయి. బండల మీద గంప కింద కోడి పొదుగుతోంది. మగ్గం కొయ్యల్లో ఒకటి తలుపుకు గడియగా మారింది. మిగిలినవేమయ్యాయో పొయ్యి దగ్గరి బూడిదను చూస్తే తెలిసిపోతుంది.

"ఆయన యాడ?"

"రోడ్డు పనిలో కంకర కొడతాండాడు. మగ్గం మీద నాడె ఇసిరే చేతులు వదినా, మొదటి నెలంతా బొబ్బలే." నరసక్క గోడకానుకుని కూర్చుంది. "నీకు చెప్పకుండా పంపిస్తే నాకు పుట్టగతులుండవు. కూర్చో. మేమొచ్చినప్పుడు శెట్టి పట్టు ఇచ్చినాడు. ఆరు నెల్లు బాగానే గడిచింది. పోయిన కార్తీకంలో ఒక చీర ఆయనకు నచ్చల్యా, కూలి ఆపినాడు. అదే నెలలో నాకు కానుపై, బిడ్డ దక్కల్యా. ఇంట్లో ఏమీ లేదు. ఎవరినడగల్ల? ధర్మవరమైతే పక్కింటికి పోయి చేటెడు రాగులు అడుగుతాం. ఈడ మన మొహం ఎవరికి తెలుసు? ఈయన ఇంట్లో ఉన్న శెట్టి పట్టు తీసకపోయి హిందూపురంలో అమ్మేసినాడు."

అక్కమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. నేతగాడు ఏమైనా చేస్తాడు గానీ షావుకారు పట్టు అమ్ముకోడు.

"పదైదు దినాలు తిన్నాం. అంతే. ఆ దినం నుంచి ధర్మవరంలో ఏ షావుకారూ ఊరి పొలిమేర దాటిచ్చి పట్టు ఇయ్యడంల్యా. మా ఒక్కరి వల్ల."

"మరి మాకెట్ల ఇస్తానన్నాడు శెట్టి?"

నరసక్క తలెత్తి చూసింది. "అదేంది వదినా, మీ ఆయన నీకు చెప్పల్యా?"

"ఏం చెప్పల్ల?"

"పోయిన బేస్తవారం వచ్చి ఇల్లు ఖాయం చేసకపోయినాడే."

"బేస్తవారం ఆయన రొళ్ళకు పోయినాడు. వాళ్ళ పెద్దమ్మ కొడుక్కు బాగలేదని."

"రొళ్ళకు కాదు వదినా. ఈ అరుగు మీదే కూర్చోని ఏడిసినాడు." నరసక్క గొంతు తగ్గించింది. "జయమ్మను శెట్టి ఇంట్లో మగ్గాల కాడ పెడతాండారంట కదా, మూడేండ్లకు. బిడ్డ ఆయనింట్లో ఉంటే పట్టు యాడికీ పోదని శెట్టి ధైర్యం. దానికి ఒప్పుకున్నాకే మీకు పట్టు."

అక్కమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది. ఇందాక పోసుకున్న నీళ్ళు పాదాల మీద ఇంకా ఆరలేదు.

మధ్యాహ్నం బండి రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది. అంతసేపూ ఆమె ప్లాట్‌ఫారం మీద ఎండలోనే కూర్చుంది. నీడలోకి జరగాలని తోచలేదు.

జయమ్మకు పదహారేళ్ళు. ఏడో ఏట తండ్రి పక్కన మగ్గం అంచుకు కూర్చుంది. ధర్మవరం పట్టుచీరకు ఒక మనిషి చాలదు. గుంతలో కూర్చున్న మనిషి చీర ఒళ్ళు నేస్తుంటే, పక్కనున్న మనిషి అంచు పోగు చుట్టిన నాడె విసిరి, ఆ పోగును చీర ఒంటి పోగుతో ప్రతిసారీ మెలివెయ్యాలి. ఆ మెలి తప్పితే చీర కట్టుకున్న మూడో నెలకే అంచు విడిపోతుంది. జయమ్మ వేసిన మెలిని భూతద్దం పెట్టి చూసినా కనిపెట్టలేరని పేరు. ఆ పిల్ల కూర్చోకముందు ఆ చోటు అక్కమ్మది.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాకిలి తలుపు తీసే ఉంది. లోపల చూస్తే మగ్గం లేదు. కొయ్యలు విప్పి, కట్టలు కట్టి, గోడకు చేర్చి ఉన్నాయి. గుంత నోరు తెరుచుకుని ఉంది. గుంత అంచున కాళ్ళు లోపలికి వేలాడేసి ఈశ్వరప్ప కూర్చునున్నాడు. చిన్నది అతని తొడ మీద నిద్రపోతోంది.

"మాట ఇచ్చినావు కదయ్యా" అంది అక్కమ్మ.

"ఇచ్చినా. చూసొచ్చి వద్దంటావని తెలుసు. అందుకే విప్పినా. మగ్గం నిలబడి ఉంటే నేను కూడా వద్దంటా."

"జయమ్మ యాడ?"

అతను చిన్నదాన్ని తొడ మీద ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"యాడయ్యా నా బిడ్డ? కొయ్యలు కట్టినట్ల బిడ్డను కూడా కట్టి శెట్టికి అప్పజెప్పినావా? కూతుర్ని తాకట్టు పెట్టినోడు మన వంశంలో ఎవడన్నా ఉండాడా?"

"మెల్లిగా. చిన్నది లేస్తాది."

"లేవనీ! దాన్ని ఎప్పుడు పెడతావు? దానికి పదేండ్లు రానిస్తావా?"

ఈశ్వరప్ప ముఖం ఎత్తాడు. రెండు రోజులుగా గడ్డం గీసుకోలేదు, కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. "అను. ఇంకా అను. నేను నన్ను తిట్టుకున్నవాటిలో నువ్వింకా సగం కూడా అనల్యా. నెలలో పదైదు దినాలు బాడుగకు నేస్తాండా. ఇంకో పది దినాలు నీళ్ళకూ కట్టెలకూ పోతాండాయి. మిగిలిన ఐదు దినాల నేతలో మనం నలుగురం నెలంతా తినల్ల. నువ్వు సంగటి ముద్ద చిదిపి నా తట్టలో ఏసి, నీ తట్టలో గంజి పోసుకుంటాండేది నాకు కనపడదనుకున్నావా? ఈడుంటే ఈ శ్రావణానికి మనలో ఎవరో ఒకరు పోతాం. చిన్నది మొదట పోతాది."

"దానికని పెద్దదాన్ని..."

"నేను పంపల్యా!" ఈశ్వరప్ప అడ్డొచ్చాడు. "ఆ బిడ్డే శెట్టి ఇంటికి పోయి అడిగింది. 'మా నాయనకు పట్టు పంపండి, నేను ఈడుంటా' అని. మాట్లాడుకొచ్చినాక నాకు చెప్పింది. రెండు దినాలు వద్దన్నా. మూడో దినం నాకు నోరు రాల్యా అక్కమ్మా. వద్దని చెప్పల్లంటే వేరే దారి చూపించల్ల కదా."

అక్కమ్మ గుంత దగ్గరికి వచ్చింది. తర్వాత వంగి, నిద్రపోతున్న చిన్నదాని తల మీద చెయ్యి పెట్టి తీసింది. కొంగు నడుముకు చుట్టుకుని బయటికి నడిచింది.

"యాడికి పోతాండావు?"

ఆమె వెనక్కి చూడలేదు.

శేషగిరి శెట్టి ఇల్లు రెండు వీధులవతల. ముందు వైపు అంగడి, వెనక పెద్ద సాలలో నాలుగు మగ్గాలు. చివరి మగ్గం దగ్గర కుళ్ళాయప్ప అనే ముసలి నేతగాడు గుంతలో ఉన్నాడు. అతని పక్కన అంచు చోట జయమ్మ. తల్లిని చూసి కూడా ఆ పిల్ల చెయ్యి ఆగలేదు.

శెట్టి లేచి ఎదురొచ్చాడు. అతని భార్య సీతాదేవి మజ్జిగ గ్లాసుతో వచ్చింది. అక్కమ్మ పుచ్చుకోలేదు.

"ఏమమ్మా అక్కమ్మా, కోపంతో వచ్చినట్లుండావు" అన్నాడు శెట్టి. "నేను మిమ్మల్ని పొమ్మనల్యా, ఉండమనల్యా. పట్టంటే రాగులు కాదు. ఒక మూట పోయిందంటే ఈ నాలుగు మగ్గాల్లో ఒకటి నిలిచిపోతాది. వెంకటేశులు మంచోడు కాదా? మంచోడే. ఆకలైతే మంచోడైనా ఏం చేస్తాడో నాకు తెలిసొచ్చింది. నీ బిడ్డ మా ఇంట్లో మనిషిగా ఉంటాది. తిండికి లోటు లేదు."

"మీరు చెప్పేది తప్పని నేననల్యా షావుకారూ" అంది అక్కమ్మ. "మీకు కావల్సింది మా ఇంటి మనిషి ఒకరు ఈడుండటం. ఆ మనిషిని నేనవుతా. బిడ్డ వాళ్ళ నాయనతో పోనీండి."

"అమ్మా!" అంది జయమ్మ. అప్పుడు ఆగింది ఆమె చెయ్యి.

శెట్టి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నువ్వు అంచు నేసి ఎన్నేండ్లయింది?"

"తొమ్మిది."

"తొమ్మిదేండ్లు! అమ్మా, ఈ చీర బెంగుళూరు పెండ్లికి పోతాది."

"ఒక బెత్తెడు నేయనీండి. ఈ బిడ్డ నేసిన బెత్తెడు పక్కన పెట్టి చూడండి. తేడా కనపడితే గమ్మున లేచి పోతా."

శెట్టి కుళ్ళాయప్ప వైపు చూశాడు. ముసలాయన పక్కకు జరిగి చోటు చూపించాడు. జయమ్మ లేవలేదు. "లెయ్యమ్మా" అన్నాడు శెట్టి. అప్పటికి లేచింది.

అక్కమ్మ కూర్చుంది. కొంగుతో అరచెయ్యి తుడుచుకుని అంచు నాడె అందుకుంది. కుళ్ళాయప్ప గుంతలోని తొక్కుడుచెక్క తొక్కాడు, పోగులు తెరుచుకున్నాయి. ఆమె విసిరింది. మొదటి మెలి వదులైంది. రెండోది బిగుసుకుంది. మూడోది కుదిరింది. పది, ఇరవై దాటాక ఆమె లెక్క మరిచిపోయింది. వేళ్ళకు వాటి పని గుర్తొచ్చింది. మిగతా మూడు మగ్గాల వాళ్ళు కూడా ఆపి చూస్తున్నారు. సాలలో ఆ ఒక్క మగ్గం చప్పుడే మిగిలింది.

మూడు వేళ్ళ మేర నేశాక జయమ్మ పోగు సర్దుతున్నట్టు ఆమె భుజం దగ్గరికి వంగింది.

"అమ్మా, చాలించు. చిన్నది నువ్వు లేకుండా ఒక్క రేయి కూడా పండుకోదు. నేను తల్లి కాలేను దానికి."

అక్కమ్మ విసురుతూనే ఉంది.

"నువ్వు గెలిచినా నేను పెనుకొండకు పోను. హిందూపురంలో పట్టుగూళ్ళు ఉడకేసి దారం తీసే షెడ్డులో ఆడోళ్ళను తీసుకుంటాండారు. ఈ పొద్దే పోతా. ఆ కూలి పెనుకొండకు పంపిస్తా. నా మాట నమ్ము, నాడె కింద పెట్టు."

అక్కమ్మ చెయ్యి గాలిలో ఆగింది. కుళ్ళాయప్ప తొక్కుడుచెక్క తొక్కి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. "ఏమమ్మా, ఆపినావు?" అన్నాడు శెట్టి.

తన బిడ్డ అబద్ధమాడుతోందనుకుంది అక్కమ్మ. తల్లిని ఓడించడానికి భయపెడుతోంది. పదహారేళ్ళ పిల్ల, పక్క ఊరి సంతకు కూడా ఒంటరిగా పోయి ఎరగదు. హిందూపురం పోయి ఉడుకునీళ్ళ దగ్గర కూర్చుంటుందా? ఉడుకునీళ్ళలో నానిన ఆ వేళ్ళు మళ్ళీ మెలివేస్తాయా? పోదు. తన బిడ్డ సంగతి తనకు తెలుసు.

నాడె విసిరింది.

బెత్తెడు నిండేసరికి సాలలో దీపాలు పెట్టే వేళయింది. శెట్టి లాంతరు తెప్పించి, వంగి, తల్లి నేతనూ బిడ్డ నేతనూ వేలితో తడిమి చూశాడు. భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపటికి నడుం నిలబెట్టి, "సరే" అన్నాడు. "పెనుకొండకు పట్టు ఎల్లుండి పోతాది. ఈ చోటు ఇప్పటినుంచే నీది. ఆ పిల్లను ఇంటికి పంపు."

అక్కమ్మ కళ్ళు మూసుకుంది. గెలిచినట్టు లేదు. మూడేళ్ళు చిన్నది లేకుండా ఉండాలన్న సంగతి అప్పుడే మొదటిసారి ఒంటికి తగిలింది. జయమ్మను దగ్గరికి తీసుకుందామని వెనక్కి తిరిగింది.

వెనక ఎవరూ లేరు.

"జయమ్మ యాడ?"

"ఇప్పుడే పోయింది కదమ్మా" అంది సీతాదేవి. "నువ్వు నేస్తాండగానే. గుడ్డల మూట తీసుకొని నాకు దండం పెట్టి పోయింది. ఇంటికే కదా?"

అక్కమ్మ లేచింది. నాడె ఆమె ఒళ్ళోంచి జారి బండ మీద పడింది. "అమ్మా, పోగు తెగుతాది!" అని కుళ్ళాయప్ప అరిచాడు.

శెట్టి వాకిలికి అడ్డంగా నిలబడలేదు. పక్కనే నిలబడి, మెల్లిగా అన్నాడు. "అక్కమ్మా, నీ మీద నాకు కోపం లేదు. కానీ కూర్చున్న పూటే లేచి పోతే నేను ఏ నమ్మకంతో పట్టు పంపల్ల? నమ్మి పంపితే వెంకటేశులు ఏం చేసినాడో నీకూ తెలుసు. ఈ గడప దాటినావంటే పట్టు సంగతి మరిచిపొండి."

ఇంటి దగ్గర మగ్గం విప్పేసి ఉంది. నాలుగు రోజుల్లో ఆ ఇల్లూ ఉండదు. పెనుకొండలో బాయినిండా నీళ్ళున్న రెండు రూపాయల ఇల్లు ఈ శెట్టి పట్టు లేకపోతే ఇంకో నరసక్క ఇల్లవుతుంది. ఇదంతా అక్కమ్మకు తెలుసు. గడప ముందు నిలబడిన ఆ రెండు క్షణాల్లో అంతా ఒకేసారి గుర్తొచ్చింది.

స్టేషన్ వైపు నుంచి హిందూపురం ప్యాసింజరు కూత వేసింది.

అక్కమ్మ గడప దాటి చీకట్లోకి పరుగెత్తింది.